పెరట్లో మీటర్ గేజి

బొమ్మ రైలు కొనడానికి డబ్బుంటే చాలు. దాన్ని పెరట్లో తిప్పాలంటే మాత్రం మట్టి సంగతి తెలియాలి. నేను రైల్వేలో పి.డబ్ల్యు.ఐ.గా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. గుంతకల్లు, నంద్యాల సెక్షన్లలో ఎండనకా వాననకా కట్టల మీద నడిచినవాణ్ణి. ఇప్పుడు నంద్యాలలో మా ఇంటి వెనక మామిడిచెట్టు చుట్టూ 45 మిల్లీమీటర్ల గేజి లైను ఒకటి వేసుకున్నాను. కట్ట చిన్నదైనా కట్టే. అడుగున నీళ్లు నిలిస్తే పెద్ద లైను ఎలా కుంగుతుందో ఇదీ అలాగే కుంగుతుంది.

పట్టాల మధ్య ఈ 45 మిల్లీమీటర్ల వెడల్పు కొత్తదేమీ కాదు. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లోనే బొమ్మ రైళ్ల గేజిలకు నంబర్లిచ్చింది. అందులో ఒకటో నంబరు గేజి ఇదే. కానీ ఎండలో, వానలో, మంచులో ఏడాది పొడవునా ఆరుబయటే ఉండే పట్టాలు జనానికి అందుబాటులోకి వచ్చింది 1968లో. నూరెంబర్గ్‌లోని లేమన్ కంపెనీ తరఫున రిక్టర్ సోదరులు ఎల్.జి.బి. పేరుతో వాటిని తెచ్చారు. గట్టి ఇత్తడి పట్టాలు, ఎండకు పెళుసెక్కని ప్లాస్టిక్ స్లీపర్లు. 2007లో ఆ పేరు మార్క్లిన్ చేతికి వెళ్లింది, రైళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835 డిసెంబరు 7న బయలుదేరింది కూడా నూరెంబర్గ్ నుంచే, పక్కనున్న ఫ్యూర్త్‌కు. మా అబ్బాయి ఉద్యోగం ఆ దేశంలోనే. మొదటి రైలు సెట్టు పెట్టె వాడే తెచ్చాడు.

పెట్టె మీద నమూనా కొలత 1:22.5 అని రాసి ఉంది. 45ని 22.5తో హెచ్చవేశాను. 1012 మిల్లీమీటర్లు, అంటే మీటరు! ఆ లెక్క చూసి నా మనసు నిండిపోయింది. 1992లో యూనిగేజి పథకం మొదలయ్యాక మావైపు మీటర్ గేజి అంతా పోయి బ్రాడ్ గేజి వచ్చింది. అది జరగాల్సిందే, జనానికి మేలైంది. అయినా ఆ సన్న లైను మీద నాకున్న ప్రేమ పోలేదు. అదే కొలతలో బ్రాడ్ గేజి చేయాలంటే పట్టాల మధ్య 74 మిల్లీమీటర్లకు పైగా కావాలి. అలాంటివి బజార్లో దొరకవు. మీటర్ గేజికైతే అచ్చంగా సరిపోయే పట్టాలు చేతికొచ్చాయి.

ఇక మట్టి సంగతి. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. వేసవిలో ఆ బీటల్లో చెయ్యి దూరుతుంది. దాని మీద నేరుగా పట్టాలు పరిస్తే ఒక్క వానాకాలానికే ఎగుడుదిగుడై కూర్చుంటాయి. అందుకని లైను పొడవునా అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వించి నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపించాను. ఒకేసారి కుమ్మరించకుండా పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించాను. దాని మీద రెండంగుళాల క్రషర్ డస్టు, ఆపైన కంకర. కట్ట చుట్టుపక్కల నేలకన్నా మూడంగుళాలు ఎత్తులో ఉంటుంది, రెండు వైపులా వాలు. మామిడిచెట్టు పాదు నుంచి పొంగే నీళ్లు లైను కింద నుంచి పోవడానికి పి.వి.సి. పైపు ముక్కలు పెట్టాను. అవే నా కల్వర్టులు.

ఇంగ్లండులో, అమెరికాలో చాలామంది చెక్క చట్రం మీద లైను వేస్తారు. మన నేలలో చెదలు ఆ చెక్కను తినేస్తాయి. కొందరు కాంక్రీటు పోస్తారు. నల్లరేగడి కదిలితే కాంక్రీటు పగులుతుంది, పగిలాక దాన్ని సరిచేసే దారి ఉండదు. కంకర మీది లైను కుంగితే స్లీపరు ఎత్తి నాలుగు రాళ్లు కింద కుక్కితే సరిపోతుంది. రైల్వేలో దీన్నే ప్యాకింగ్ అంటాం.

కంకర అంటే గుర్తొచ్చింది, ఏటి గులకరాళ్లు పనికిరావు. గుండ్రటి రాయి దొర్లిపోతుంది. క్రషర్లో పగిలిన కోసురాయి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది. అసలు లైను మీద 20 నుంచి 65 మిల్లీమీటర్ల రాయి వేస్తారు. మన కొలతకు అది 3 మిల్లీమీటర్లకు మించదు. అంత సన్నది వానకు కొట్టుకుపోతుంది కాబట్టి 6 మిల్లీమీటర్ల చిప్స్ కూడా కలపాలి.

తర్వాతి శత్రువు ఎండ. ఇత్తడి ఉక్కుకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. శీతాకాలం తెల్లవారుజామున 15 డిగ్రీలున్న పట్టా మే నెల మధ్యాహ్నం ముట్టుకోలేనంత కాలుతుంది. తేడా 45 డిగ్రీలనుకుంటే పది మీటర్ల లైను ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల ఒక్కో ముక్కకు వచ్చే వాటా పావు మిల్లీమీటరు. అంటే ఒక విజిటింగ్ కార్డు మందం! చల్లటి పొద్దుట పూట లైను వేసేటప్పుడు మా మనవరాలు ప్రతి జాయింటులో కార్డు ముక్క పెడుతుంది. పట్టాలను కలిపే, గ్రాఫైట్ పేస్టు రాసిన జాయినరులోకి నేను రెండో పట్టా జరిపి కార్డుకు ఆనిస్తాను. తను కార్డు లాగేస్తుంది. ఆ ఖాళీ ఉంటే వేసవిలో పట్టా ఒంకర తిరగదు. వేసవి మిట్టమధ్యాహ్నం వేసే పనైతే ఖాళీ అక్కర్లేదు, అప్పటికే పట్టా సాగి ఉంటుంది. దేనికీ మేకులు కొట్టకూడదు. లైను కంకరలో వదులుగా ఉండాలి.

లెవెల్ చూడటానికి స్పిరిట్ లెవెల్ ఉంది. కానీ కన్ను చూసినంతగా అది చూడదు. పెద్ద లైను మీద మా గ్యాంగ్ మేస్త్రీలు వంగి పట్టా వెంట ఒంటికంటితో చూసి, “మూడో జాయింటు కాడ దిగింది సార్” అనేవాళ్లు. కొలిస్తే దిగే ఉండేది. ఆ విద్యే మనవరాలికి నేర్పాను. నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూస్తుంది. “తాతా, కరివేపాకు మొక్క దగ్గర గూని ఉంది” అంటుంది. నేను వెళ్లి సరిచేస్తాను. ఆ పిల్ల కన్ను తప్పదు.

వంపులు ఎంత పెద్దవైతే అంత మంచిది. సెట్టులో వచ్చే వంపు 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం, చిన్న ఇంజను తిరుగుతుంది. పొడవు బోగీలు అందంగా తిరగాలంటే దానికి రెట్టింపు కావాలి. లైను ఎక్కే వాలు నూటికి రెండు దాటకుండా చూసుకోండి. మెట్టుపాళయం నుంచి కూనూరు వెళ్లే నీలగిరి మీటర్ గేజి లైను కొన్నిచోట్ల దాదాపు పన్నెండు అడుగులకు అడుగు ఎక్కుతుంది, కానీ అక్కడ పట్టాల మధ్య పళ్ల పట్టా ఉంది.

కరెంటు విషయంలో రాజీ వద్దు. ట్రాన్స్‌ఫార్మరు వరండాలో, వాన తగలని చోట ఉండాలి. పెరట్లోకి వెళ్లేది 24 వోల్టులకు మించని డి.సి. మాత్రమే. ఇంజనుకు కరెంటు పట్టాల ద్వారానే అందుతుంది కాబట్టి ఇత్తడి మీద మసి పేరుకుంటే అది ఆగి ఆగి నడుస్తుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో పట్టా తల రుద్దితే పోతుంది. ఇనుప పీచు మాత్రం వాడకండి, ఆ నలుసుల్ని మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది. ఈ బాధ వద్దనుకుంటే ఇంజనులోనే బ్యాటరీ పెట్టి రిమోటుతో నడిపే పద్ధతీ ఉంది.

లైను పక్కన ఆకు చిన్నదిగా ఉండే మొక్కలే వేయాలి. మరువం గుబురు చిట్టడవిలా కనిపిస్తుంది. కత్తిరించిన డ్యురాంటా, గడ్డిగులాబి కూడా సరిపోతాయి. వసంతంలో పక్కింటి వేపచెట్టు పూత పట్టాల మీద రాలుతుంది, రోజూ ఊడవాలి. పందికొక్కు కట్ట కింద బొరియ చేస్తే ఒక రాత్రిలో గజం లైను గాలిలో వేలాడుతుంది. బొరియను రాళ్లతో పూడ్చి, పైన ఇనుప జల్లెడ పరిచి మళ్లీ కట్ట పోశాను.

ఇప్పుడు నల్లమల అడవిలో మీటర్ గేజి రోజుల నాటి దొరబావి వంతెన నమూనా మొదలుపెట్టాను. ఆ లైను ఎరిగినవాళ్లు మా పెరట్లో దాన్ని చూసి గుర్తుపట్టాలని నా కోరిక.

మీరూ చేయాలనుకుంటే ఇంజను కన్నా ముందు కట్ట గురించి ఆలోచించండి. ఇంట్లో ఆడుకునే ప్లాస్టిక్ పట్టాలు బయట వేయకండి, ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. కొత్త కట్టకు ఒక వానాకాలం వదిలేయండి. కుంగాల్సింది కుంగనిచ్చి, మళ్లీ పోసి, దీపావళి దాటాక పట్టాలు పరవండి. వచ్చే సంక్రాంతికి మీ పెరట్లో రైలు తిరగాలంటే తవ్వకం జ్యేష్ఠంలోనే మొదలవ్వాలి.