పిల్లులలో తుంటి కీలు తొలగుట – శస్త్రచికిత్స

పిల్లులు ఎత్తు నుండి పడినప్పుడు, వాహనం ఢీకొన్నప్పుడు తుంటి కీలు తొలగవచ్చు. తొడ ఎముక తల తుంటి గుంటను వీడి సాధారణంగా ముందుకు, పైకి జరుగుతుంది. ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఎముక విరిగినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు కనుక రెండు కోణాలలో ఎక్స్‌రే తీయకుండా కాలును లాగరాదు.

ఎముక విరగనట్లయితే తొలి రోజులలోనే మత్తు ఇచ్చి, కోత లేకుండా కీలును సరిచేయవచ్చు. మళ్ళీ తొలగినచో శస్త్రచికిత్స అవసరం. కీలు దెబ్బతిననప్పుడు టాగుల్ పిన్, దృఢమైన దారంతో తెగిన బంధనానికి బదులు కల్పిస్తారు. కీలు అరిగినా, ఎముక తల పగిలినా తలను, మెడను తొలగిస్తారు. అక్కడ పీచు కణజాలంతో మిథ్యా కీలు ఏర్పడుతుంది. బరువు తక్కువైనందున పిల్లులు సాధారణంగా బాగానే నడుస్తాయి. ఈ రెండవ పద్ధతిలో కాలికి కట్టు వేయక, నొప్పి నివారణ మందులిస్తూ త్వరగా నడిపించాలి.