పేలని గుండు

గడచిన విద్యాసంవత్సరమున దసరా సెలవులు ముగిసిన తరువాత నొకనాటి యుదయమున, ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు మా బల్లమీద ఒక ఇత్తడి గొట్టమును పెట్టెను. అది జానెడు పొడవు, బొటనవ్రేలికంటె లావు. పైకొనయందు ఒక ఉక్కుమొన బిగింపబడి యుండెను. "అయ్యవారూ, మా మామ తెచ్చినాడు. ఫిరంగి తూటా అంట. పేలిపోయిందేనంట" అని యా బాలుడు సంతోషముతో చెప్పెను. మేమును సంతోషించితిమి. అంతటితో ఊరకుండక, దానిని చేత బుచ్చుకొని బరువు చూచి, చెవియొద్ద నూపి, తరగతిలోని పిల్లలందరి చేతులమీదుగా పంపితిమి. శిక్షణ కళాశాలలో వస్తుపాఠములు నేర్చి, ఇరువది యేండ్లుగా బోధించుచున్న మేము చేసిన పని యిది. దాచుట న్యాయము కాదు గనుక ముందుగనే చెప్పుచున్నాము.

మధ్యాహ్నమున ఫీజు చెల్లించుటకు వచ్చిన యొక విద్యార్థి తండ్రి, సైన్యమునుండి విరమించిన హవల్దారు, మా బల్లమీద అడ్డముగా పడియున్న యా గొట్టమును చూచి నిలిచిపోయెను. ఆయన దానిని తాకలేదు. వంగి చూచి, "అయ్యవారూ, దీని అడుగున సూది దెబ్బ తగిలిన గుంట ఉన్నది, మొన మాత్రం ఊడలేదు. కొట్టినా పేలని తూటా ఇది. పిల్లలను బయటికి పంపండి" అనెను. తరువాత పోలీసువారికి కబురు పోయెను. నెల్లూరునుండి బాంబులను నిర్వీర్యము చేయువారు సాయంకాలమునకు వచ్చి దానిని తీసికొనిపోయిరి. అంతవరకు ఆ గది తలుపు మూసి, చెట్టుక్రింద పాఠములు చెప్పుకొంటిమి.

ఆ బాలుని మేనమామ మన ఉదయగిరి ప్రాంతపువాడే. వానలు లేని యేటిలో మన మెట్ట గ్రామములవారు పనులకు దూరదేశములకు పోవుట అందరెరిగినదే. ఆయన ఉత్తరదేశమున ఒక కట్టడపు పనికి పోయి, సైనికులు ఫిరంగులు కాల్చి అభ్యాసము చేయు బయలునకు దగ్గరగా గుడిసె వేసికొని యుండెను. అక్కడి కూలీలు తెల్లవారకమునుపే ఆ బయలులో ప్రవేశించి, రాగి, ఇత్తడి, ఇనుము ఏరి, పాత సామానులవానికి తూకమునకు అమ్ముదురట. ఒక్క ప్రొద్దున దొరకిన ఇత్తడికి రెండు దినముల కూలి వచ్చునట. ఈ లెక్క తెలియక వారిని తెలివితక్కువవారనుట తగదు. ఆకలిగొన్నవానికి నేలమీద రూపాయలు పడియున్నట్లే కనబడును.

అయితే ఆ రూపాయలలో ఏది పేలునో ఎవరికిని తెలియదు. ఎందుచేతననగా, ఫిరంగిగుండు తనంత తాను పేలదు. దాని కొనయందో అడుగునందో ఫ్యూజు అను చిన్న యంత్రముండును. గుండు గొట్టములో నున్నంతసేపు ఆ యంత్రము బంధింపబడియుండును. ఫిరంగినుండి వెడలునప్పటి విసురును, గిరగిర తిరుగు వేగమును కలిసి ఆ బంధములను విడదీయును. అటుపిమ్మట గట్టినేలను తాకినంతనే సూది పోయి మందును పొడుచును. గుండు బురదలోనో, ఇసుకలోనో, ఏటవాలుగానో పడినయెడల ఆ దెబ్బ చాలక ఒక్కొక్కప్పుడు అట్లే నిలిచిపోవును. అప్పుడది ఎక్కుపెట్టిన ఎలుకబోను వంటిది. బంధములు విడిపోయినవి, పేలుడు మాత్రము మిగిలియున్నది. పెట్టెలోని క్రొత్త గుండుకంటె నేలపై పడిన యీ గుండే ఎక్కువ ప్రమాదకరము. దానిని పేల్చుటకు సుత్తిదెబ్బయే కానక్కరలేదు. ప్రక్కకు దొర్లించినను చాలవచ్చును.

మరియొక చిక్కు కలదు. గుండు అడుగుభాగమునకు దగ్గరగా రాగి పట్టీ చుట్టబడియుండును. ఫిరంగి గొట్టములోని గాళ్లు దానిని పట్టి గుండును త్రిప్పును. ఆ రాగికే బజారులో వెల యెక్కువ. అందుచేత తుక్కు ఏరువారు ఉలి, సుత్తి తీసికొని, తక్కిన భాగమును విడిచి, సరిగా ఆ పట్టీనే కొట్టి యూడదీయ జూతురు.

కాలము గడచినకొలది మందు చచ్చిపోవునని కొందరందురు. ఇది పొరబాటు. 1914 మొదలు 1918 వరకు జరిగిన యుద్ధపు గుండ్లు ఫ్రాన్సు, బెల్జియము దేశములలో నేటికిని నాగటిచాళ్లలో దొరకుచున్నవి. అక్కడివారు దానిని ఇనుప పంట యందురు. బెల్జియములోని ఈప్ర పట్టణమున 2014 మార్చిలో ఒక కట్టడపు స్థలమునందు అట్టి గుండు పేలి ఇద్దరు పనివారు మరణించిరి. నూరేండ్ల నాటి గుండు! త్రుప్పు పట్టిన కొలది లోపలి సూది, స్ప్రింగు ఏ స్థితిలో నున్నవో నిపుణులకు సహితము చెప్ప వీలుకాదు.

మన దేశములోని సంగతి చూతము. కాశ్మీరమందలి బడ్గాము జిల్లాలో తోసామైదాను అను విశాలమైన పచ్చికబయలు కలదు. 1964లో దానిని సైన్యమునకు ఏబది యేండ్ల కౌలుకు ఇచ్చిరి. చుట్టుపట్ల పల్లెవారికి అదియే గొఱ్ఱెల మేత, అదియే వంటచెరకు. పోవలదన్నను వారు పోకతప్పలేదు. ఆ యేబది యేండ్లలో అరువదిమందికి పైగా చనిపోయిరి. కాళ్లు, చేతులు పోయినవారు వేరు. 2014 ఏప్రిలులో కౌలు ముగిసెను, మరల పొడిగింపలేదు. మరుసటి నెలలోనే ఆ బయలు దిగువనున్న యొక గ్రామమున ఏడేండ్ల బాలిక గుండు పేలి మరణించెను. ఆమె తమ్ముడు గాయపడెను. ఫిరంగులు మానినను గుండ్లు మానలేదన్నమాట. తరువాత సైనికులు ఆ బయలంతయు గాలించి శుభ్రపరచిరి.

తుక్కు కొట్లలోనికి చేరిన తరువాతనైనను భయము తీరునా? 2004లో ఢిల్లీకి సమీపమున ఘజియాబాదులోని యొక ఉక్కు కర్మాగారమునకు విదేశమునుండి వచ్చిన పాత యినుములో పేలని గుండ్లుండగా, అవి పేలి పదిమంది పనివారు మృతినొందిరి. వారిలో ఎవ్వరును ఏ నిషిద్ధభూమిలోను అడుగు పెట్టినవారు కారు.

చట్టము సంగతి కొంచెము చెప్పవలసియున్నది. 1938లో చేసిన సైనిక విన్యాసముల, ఫిరంగి అభ్యాసముల చట్టము ప్రకారము ప్రభుత్వము అట్టి ప్రదేశమును ప్రకటించును. అందులో సేనాధికారి అపాయస్థలమని చెప్పిన భాగమున, గుండ్లు కాల్చు వేళలను, ప్రాణభయమున్న వేళలను, మనుష్యులు, పశువులు ప్రవేశింపకుండ కలెక్టరు నిషేధించును. అట్లు తొలగింపబడినందున పనిపోయినను, పైరు చెడినను నష్టపరిహారమడుగు హక్కు అదే చట్టములో కలదు. ఈ రెండవ మాట పల్లెవారికి ఎవరును చెప్పరు. మొదటి మాటమాత్రము బోర్డుమీద వ్రాయుదురు. ఎఱ్ఱజెండా ఎగురుచుండుటయు, రాత్రియందు ఎఱ్ఱదీపము వెలుగుటయు కాల్పులు జరుగుచున్నవనుటకు గుర్తు. జెండా దించినంతమాత్రమున నేల మంచిదైనదని తలపరాదు.

మన తెలుగుదేశమున బాపట్ల యొద్ద సూర్యలంక తీరమున వాయుసేనవారి ప్రయోగస్థలము కలదు. 2020లో ఆకాశ్ క్షిపణులను అచ్చట ప్రయోగించిరి. ప్రయోగ దినములలో వేటకు పోవలదని జాలరులకు ముందుగా తెలుపుదురు. మా పిల్లలు, "మనకు సముద్రమా, ఫిరంగులా, మనకేమి భయము?" అని యడిగిరి. నిజమే, ఉదయగిరి దుర్గముమీద ఫిరంగులు మ్రోగి తరములు గడచినవి. కాని ఆత్మకూరు, ఉదయగిరి పొలములలో రాతిబావులు త్రవ్వునప్పుడు తోటాలు పేల్చుట లేదా? పెన్సిలు ముక్కవలె మెరయు సన్నని గొట్టము, దానికి రెండు రంగు తీగెలు; అదియే డిటోనేటరు. బొమ్మలు చేసికొనుటకు తీగెలు వెదకు పిల్లవానికి అంతకంటె ముద్దైన వస్తువుండునా? అడవిపందులకని పొలము గట్లమీద పిండిలో చుట్టి పెట్టు నాటుబాంబులును ఈ జాతివే.

ఇట్టివి కంటబడినయెడల తాకరాదు, రాయి విసరరాదు, నిప్పునగాని నీటనుగాని వేయరాదు. "చూపించెదను రమ్ము" అని తోడివారిని పిలువరాదు. వచ్చిన త్రోవనే వెనుకకు మరలి, స్థలమును గుర్తుపెట్టుకొని, పెద్దవారితో చెప్పి పోలీసువారికి తెలుపవలెను. ఇంటికి తెచ్చిన వస్తువైనచో దానిని మరల మోసికొనిపోక, ఉన్నచోటనే ఉంచి, ఇంటివారందరు దూరముగా పోవలెను. మా వలె చెవియొద్ద నూపి చూడరాదని వేరుగ వ్రాయనక్కరలేదు.

జరిగినదంతయు వివరించుచు ఆ బాలుని మేనమామకు మేమొక యుత్తరము వ్రాసితిమి. నెల దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. తాను ఆ బయలునకు పోవుట మానితిననియు, గుడిసెలలోని పిల్లలు మాత్రము ఇంకను పోవుచున్నారనియు, వారు తెలుగు చదువలేరు గనుక ఆ సంగతినే హిందీలో పెద్ద యక్షరములతో వ్రాసి పంపినయెడల నీళ్ల కుళాయియొద్ద గోడకు అంటించెదననియు అందులో నుండెను. మా హిందీ పండితులు ఆ దినముననే వ్రాసి యిచ్చిరి. చదువురాని వారికొరకు క్రింద ఒక గుండు బొమ్మ గీయవలెనని చెప్పినవాడు ఆ యెనిమిదవ తరగతి బాలుడే. బొమ్మ గీసినవాడును వాడే.