నక్షత్రపు ఊగిసలాట

మన గురుగ్రహము వాయుమయమైన మహాగోళము. భూగోళములు వేయికి పైగా అందులో ఇముడగలవు. సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు దానికి సుమారు 12 సంవత్సరములు పట్టును. సూర్యునికి చేరువగా చిన్న రాతి గ్రహములు, దూరముగా గురు శనుల వంటి పెద్దవి: ఇది మన సూర్యకుటుంబపు తీరు. అన్ని నక్షత్రముల కుటుంబములును ఇట్లే ఉండునని మనము చాలకాలము తలచితిమి. పెద్ద గ్రహము నక్షత్రమునకు అతి సమీపమున ఉండరాదన్న నియమము లేదని 1952లో ఆటో స్ట్రూవే అను ఖగోళశాస్త్రజ్ఞుడు వ్రాసెను గాని, ఆ మాటను పట్టించుకొన్నవారు అరుదు.

1995లో మిషెల్ మయోర్, దిదియే కెలో అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు, ఫ్రాన్సులోని ఓత్ ప్రొవాన్స్ వేధశాలనుండి పరిశీలించి, 51 పెగసీ అను నక్షత్రమునకు ఒక గ్రహమున్నదని ప్రకటించిరి. ఆ నక్షత్రము సూర్యుని వంటిదే. మనకు సుమారు 50 కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది.

వారు గ్రహమును చూడలేదు. నక్షత్రపు వెలుగు దానిని మరుగుపరచును. మరి ఎట్లు తెలిసినది? ఒప్పులకుప్ప తిరుగువారిని చూడుడు. ఒక పెద్దామె పసిపిల్ల చేతులు పట్టుకొని తిరిగినచో, పిల్ల పెద్ద చుట్టు తిరుగును. పెద్దామెయు ఒక చిన్న చుట్టు తిరుగక తప్పదు. అట్లే గ్రహము తన నక్షత్రమును ఊగించును. నక్షత్రము మనవైపు వచ్చునప్పుడు దాని వర్ణపటములోని గీతలు ఊదా వైపునకు, తొలగునప్పుడు ఎరుపు వైపునకు లేశమాత్రము జరుగును. ఆ జరుగుబాటును కొలువగా నక్షత్రపు ఊపు వేగము సెకనుకు సుమారు 56 మీటర్లని తేలినది.

ఆశ్చర్యము ఊపులో లేదు. దాని కాలములో ఉన్నది. అది నాలుగుంబావు దినములకొకసారి తిరిగి వచ్చుచున్నది! అనగా, కనీసము గురుని బరువులో సగమునకు దగ్గరగా తూగు గ్రహమునకు సంవత్సరమన్నది నాలుగుంబావు దినములే. సూర్యునికి బుధుడున్న దూరములో ఏడవవంతు దూరముననే అది తిరుగుచు, సుమారు వేయి డిగ్రీల వేడిలో కాగుచున్నది. అది దూరమున పుట్టి, పిమ్మట లోనికి జరిగి యుండునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇట్టి ఉడుకు గురులు నిజమునకు అరుదు. పెద్దవై దగ్గరనుండుటచే సులభముగా దొరకినవి. అయినను మన ఇంటి తీరే లోకమంతటి తీరు కాదని నేర్పినవి అవియే. ఇతర నక్షత్రముల గ్రహములు నేటికి ఐదువేలకు పైగా తెలిసినవి. మయోర్, కెలోలకు 2019లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానములో సగభాగము లభించినది.

కార్తీకమాసమున, రాత్రి ఎనిమిది గంటల వేళ, నడినెత్తికి చేరువగా పూర్వాభాద్ర చుక్కలు రెండు కనబడును. వాటి నడుమ, కొంచెము పడమరగా, మినుకుమినుకుమను ఆ నక్షత్రమున్నది. దీపకాంతి లేని చోట, చూపు చురుకైనవారికి అది కనబడును. దాని గ్రహము మాత్రము కనబడదు. అయినను దాని సంవత్సరమెంతయో మనకు తెలియును.