భవనం నాడి పట్టి చూడాలి!

శ్లాబు పెచ్చులూడితే మేస్త్రీని పిలుస్తాం. సిమెంటు పూయించి రంగు వేయించేస్తాం. పైకి బాగానే ఉంటుంది. మరి లోపల..?

అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సర్ఫ్‌సైడ్ అనే ఊరుంది. అక్కడ 1981లో కట్టిన పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పెద్ద భాగం 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కుప్పకూలింది. 98 మంది చనిపోయారు. ఈతకొలను పక్కనున్న శ్లాబు మీద నీళ్లు నిలిచిపోతున్నాయనీ, కాంక్రీటు బాగా దెబ్బతిందనీ ఓ ఇంజినీరు 2018లోనే నివేదిక ఇచ్చారు. ఆ శ్లాబు మరమ్మతు మొదలుకాకుండానే మూడేళ్లు గడిచిపోయాయి. డిజైన్‌లోనూ లోపాలున్నాయని తర్వాత దర్యాప్తులో తేలింది.

తుప్పుతోనే ముప్పు

కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. లోపలి ఇనుప చువ్వలకు అదే రక్ష. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలీ తోడవుతుంది. తుప్పు... ఇనుము కన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. అంటే, పెచ్చు ఊడేనాటికే జబ్బు బాగా ముదిరిందన్నమాట.

పరీక్షలు ఇలా...

ఇంజినీర్లు ముందు కళ్లతోనే వెతుకుతారు. చువ్వల వెంబడి సాగిన పగుళ్లు, గోధుమరంగు మరకలు తుప్పుకి గుర్తులు. సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయినట్టే. తర్వాత కాంక్రీటుని కాస్త చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారగుణం ఉన్నచోట గులాబీరంగు వస్తుంది. లేనిచోట రంగు మారదు. ఆ రంగు మారని పొర చువ్వల దాకా వెళ్లిందా అన్నదే అసలు ప్రశ్న! రీబౌండ్ హామర్‌తో పైపొర గట్టిదనాన్నీ, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి పగుళ్లనూ అంచనా వేస్తారు. అనుమానం తీరకపోతే కాంక్రీటు ముక్కను గుండ్రంగా కోసి తీసి, ఎంత బరువుకి నలుగుతుందో ల్యాబ్‌లో చూస్తారు.

పూత మందు కాదు

తుప్పు మీద సిమెంటు పూస్తే అది లోపల పెరుగుతూనే ఉంటుంది. చువ్వను శుభ్రంగా గీకాలి. బాగా సన్నబడితే కొత్తది జతచేయాలి. అన్నిటికన్నా ముందు చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. పిల్లర్‌కి నిలువుగా పగులొచ్చినా, శ్లాబు కిందికి వంగినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాలి. పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఈసారి అసోసియేషన్ మీటింగులో ఏ రంగు వేయించాలన్న చర్చకన్నా ముందు ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.