లైబీరియా పెళ్ళిళ్ళలో గ్రాండ్ మార్చ్

పెళ్ళంటే ఊరేగింపు, ఊరేగింపంటే డప్పులు, డాన్సులు. ఇది మనందరికీ తెలిసిందే. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో కూడా పెళ్ళి విందులో ఒక ఊరేగింపు నృత్యం ఉంది. దాని పేరు గ్రాండ్ మార్చ్. దాని వెనుక కథ తెలిశాక మా తోటి హాస్టల్ మిత్రులతోనూ, పూర్వ విద్యార్థులతోనూ పంచుకోవాలనిపించింది.

ముందు కొత్త దంపతులు నడుస్తారు. వెనుక తోడిపెళ్ళికూతుళ్ళు, తోడిపెళ్ళికొడుకులు, బంధువులు, అతిథులు జంటలు జంటలుగా పాటకు తగ్గట్టు అడుగులేస్తూ హాలు చుట్టూ తిరుగుతారు. ఒక జంట కుడికి, తర్వాతి జంట ఎడమకు విడిపోయి, మళ్ళీ కలిసేసరికి నలుగురి వరుస అవుతుంది. కొందరు చేతులెత్తి తోరణంలా నిలబడితే మిగిలినవారు కింద నుంచి వెళ్తారు. కష్టమైన అడుగులు లేవు కనుక పిల్లలూ, పెద్దలూ అందరూ కలుస్తారు.

ఈ నడక పుట్టింది ఆఫ్రికాలో కాదు, యూరప్ దొరల విందుల్లో. అక్కడి నుంచి అమెరికా చేరింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తోటల యజమానుల విందులకు ఫిడేలు వాయించినవారు చాలాచోట్ల నల్లజాతి బానిసలే. 1853లో తన జీవితకథ ప్రచురించిన సాలమన్ నార్తప్ అలాంటి వాద్యకారుడే. దొరల నడకను వెక్కిరిస్తూ బానిసలు తమ గుడిసెల దగ్గర ఆడిన ఆటే తర్వాత కేక్‌వాక్‌గా పేరుపొందింది.

1822 నుంచి అమెరికాలోని నల్లవారు కొందరు ఓడల్లో వచ్చి, నేటి మన్రోవియా ప్రాంతంలో స్థిరపడ్డారు. వారిలో పుట్టుకతో స్వతంత్రులూ, బానిసత్వం నుంచి విడుదలైనవారూ ఉన్నారు. 1847 జూలై 26న లైబీరియా స్వతంత్ర దేశమని ప్రకటించారు. అమెరికాలో నేర్చిన చర్చి పాటలు, కోటు వేషం, క్వాడ్రిల్, గ్రాండ్ మార్చ్ వారి వెంటే వచ్చాయి.

ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. వలస వచ్చినవారు అధికారం తమ చేతుల్లోనే పెట్టుకున్నారు. పెల్లే, బస్సా, వాయ్ వంటి స్థానిక తెగలవారికి 1904 వరకు పౌరసత్వమే లేదు. ఈ నృత్యాలు పెద్దింటివారి గుర్తుగా మారాయి. ఒకప్పుడు దొరల తలుపు బయట నిలబడినవారి పిల్లలే ఇంకొకరిని తలుపు బయట నిలబెట్టారు.

1980 ఏప్రిల్ 12న సైనిక తిరుగుబాటుతో ఆ పాలన పోయింది. 1989 నుంచి 2003 వరకు మధ్యలో కొద్ది విరామంతో అంతర్యుద్ధాలు నడిచాయి. ఎందరో దేశం విడిచి వెళ్ళారు. అయినా గ్రాండ్ మార్చ్ పోలేదు. నేడు లైబీరియాలోనూ, అమెరికాలో స్థిరపడిన లైబీరియన్ల పెళ్ళిళ్ళలోనూ ఇది కనిపిస్తుంది. ఏ తెగవారైనా ఆ వరుసలో కలుస్తున్నారు.

మిత్రులారా! మనమూ చదువుకుని రేపు పెద్ద హాళ్ళలోకి అడుగుపెడతాం. అప్పుడు తలుపు దగ్గర ఇంకా ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూద్దాం. వారిని కూడా మన వరుసలోకి పిలుద్దాం.