పొగ కనబడిన వేళ

తర్కశాస్త్రము ఆరంభించు విద్యార్థికి గురువు మొట్టమొదట చూపు దృశ్యము ఒక కొండ, దానిపై పొగ. పొగ యున్నది గావున అచట నిప్పున్నదని నిశ్చయించుట అనుమానము. వంటయింటి పొయ్యి దానికి దృష్టాంతము. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారందరును ఈ కొండను ఎరుగుదురు. దూరమున నిలిచి చూచువానికి తొందర లేదు. అది పొగయో మంచో నిదానముగా తేల్చుకొనవచ్చును. కాని ఆ కొండయే ఆకాశమున ఎగురుచు, చూచువాడు దాని లోపలనే కూర్చుండియున్నచో?

ఈ ప్రశ్న మా పాలమూరివారికి దూరపుది కాదు. మహబూబ్‌నగర్ నుండి హైదరాబాదు పోవు దారిలోనే శంషాబాదు విమానాశ్రయమున్నది. 2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి అచటికి వచ్చుచున్న స్పైస్‌జెట్ విమానములో పొగ వ్యాపించినది. అందు 86 మంది ప్రయాణికులున్నారు. విమానము రాత్రి 11 గంటల ప్రాంతమున అత్యవసరముగా దిగినది. ప్రయాణికులు వెలుపలికి వచ్చిరి. ఒకరికి మాత్రము స్వల్పముగా గీచుకొనినది. దానికి దారి యిచ్చుటకై తొమ్మిది విమానములను వేరు ఊళ్లకు మళ్లించిరి.

విమానములో మనము పీల్చు గాలిని ఇంజనులనుండి తీసి, చల్లార్చి లోపలికి పంపుదురు. ఆనాడు ఇంజను నూనె ఆ గాలిమార్గమున చేరినందున పొగ పుట్టినదని పౌర విమానయాన అధికారుల పరీక్షలో తేలినది. అనగా పొగ యున్నది, కాని నిప్పు లేదు! ఇట్టి చోట నిప్పును ఊహించుట హేత్వాభాసమని తార్కికులందురు. అయినను ఆ పైలట్లు తేలువరకు వేచియుండక దిగుటయే యుక్తము. ఆకాశమున నిరూపణకు ముందే నిర్ణయము జరుగవలెను.

పొగ సోకినంతనే పైలట్లు ప్రాణవాయువు ముసుగులు తొడుగుకొందురు. విమానమును నడుపుట మొదటి పని, దారి చూచుకొనుట రెండవది, మాటలాడుట మూడవది. మూడవదైనను ఆ మాట విలువ తక్కువ కాదు. ప్రాణాపాయమైనచో ‘మేడే’ అని ముమ్మారు పలుకుదురు. ‘నాకు తోడ్పడుడు’ అను ఫ్రెంచి పలుకుబడి ధ్వనిననుసరించి, 1920ల దశకమున లండను చెంతనున్న క్రాయ్‌డన్ విమానాశ్రయ రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ దానిని కల్పించెను. అంతకు తక్కువైన ఆపదకు ‘పాన్ పాన్’ అందురు. పిమ్మట విమానము పేరు, వచ్చిన కష్టము, తాము చేయదలచిన పని చెప్పుదురు. 7700 అను సంకేతసంఖ్య నమోదు చేసినచో నేలపైనున్న నియంత్రకుని తెరపై ఆ విమానము ప్రత్యేకముగా కనబడును. అతడు ఇతరులను ప్రక్కకు తప్పించి, దగ్గరి దారి చూపి, అగ్నిమాపక దళమును సిద్ధపరచును. ఇంధనమెంత, లోపల ‘సోల్స్’ ఎందరు అని అడుగును. ఆ లెక్కలో ఒడిలోని పసిబిడ్డయు చేరును, సిబ్బందియు చేరుదురు. తెలుగున ‘ప్రాణములెన్ని’ అన్నచో ఆ యర్థము చక్కగా వచ్చును.

లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు ‘చూచుట’ను ముందు చెప్పి, సీత పేరు పిమ్మట చెప్పెనని మన పెద్దలు మెచ్చుకొందురు. పేరు ముందు పలికినచో ఆ క్షణకాలము వినువారి గుండె తల్లడిల్లును గదా! ఆపదలో ముఖ్యమైన మాటయే ముందు రావలెను.

మాట ఎల్లపుడును రక్షించుననుటలేదు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్కునుండి జెనీవాకు బయలుదేరిన స్విస్సెయిర్ 111వ విమానము, వాసన సోకిన సుమారు 20 నిమిషములకే కెనడా తీరమున సముద్రములో కూలినది. 229 మంది మరణించిరి. పైలట్లు ‘పాన్ పాన్’ పలికియుండిరి. ఆ క్షణముననే నేరుగా దిగుటకు పూనుకొనినను సమయము చాలియుండెడిది కాదని విచారణలో తేలినది. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా 163వ విమానము మంటలతోనే నేలకు సురక్షితముగా దిగినది. కాని వెంటనే ఆగలేదు. తలుపులు సకాలమున తెరువబడలేదు. 301 మందియు మరణించిరి. దిగుటతోనే పని ముగియదని ఆ దుర్ఘటన నేర్పినది. ఇట్టి ప్రమాదములలో నిమిషమే ధనము. దానిని మిగుల్చుకొనుటకు మనుష్యునికున్న ఉపాయములలో వేళకు పలికిన మాట ఒకటి.

ఉపాధ్యాయులకొక మనవి. తరగతిలో స్విచ్చి దగ్గర కాలిన వాసన వచ్చుచున్నదని ఒక విద్యార్థి లేచి చెప్పుననుకొందము. వెదకి చూడగా ఏమియు కనబడకపోవచ్చును. తరగతి నవ్వినచో, గురువు గద్దించినచో, రేపు నిజముగా పొగ వచ్చినను ఆ బాలుడు నోరు విప్పడు. ‘నాన్నా, పులి!’ కథను మనమందరము చెప్పుదుము. కాని ఆ కథలోని బాలుడు చేసినది అబద్ధము. మన విద్యార్థి చేసినది, చేసినచో, పొరపాటు మాత్రమే. ఆ భేదమును పిల్లలకు బోధించి, లేచి చెప్పినవానిని “మంచిపని చేసితివి, కూర్చుండుము” అని పంపుడు.