ఆకాశమార్గాన వచ్చిన ఆహారం

ఒక పట్టణానికి వచ్చే దారులన్నీ మూసివేస్తే లోపలి ఇరవై లక్షలమంది ఎలా బ్రతుకుతారు? 1948లో జర్మనీ దేశపు బెర్లిన్ ప్రజలు ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. మన కుటుంబాలలోని పిన్నలు, పెద్దలు తెలుసుకొనదగిన సంగతి అని తలంచి దీనిని వ్రాస్తున్నాము.

దారులు మూసిన దినం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, ఓడిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ రష్యాలు నాలుగు భాగాలు చేసుకున్నాయి. బెర్లిన్ రష్యా భాగంలో సుమారు 160 కిలోమీటర్ల లోపల ఉంది. అయినా రాజధాని గనుక దానిని కూడా నలుగురూ పంచుకున్నారు. త్వరలోనే వారి స్నేహం చెడింది. 1948 జూన్‌లో పడమటి దేశాలు తమ భాగాలలో క్రొత్త డబ్బు ప్రవేశపెట్టాయి. రష్యా ఆగ్రహించి, జూన్ 24న పడమటి బెర్లిన్‌కు పోయే రోడ్లు, రైళ్లు, కాలువలు మూసివేసింది.

సైన్యంతో రోడ్డు తెరవబోతే మరల యుద్ధమే. పట్టణాన్ని విడిచిపెడితే ప్రజల గతి ఏమిటి? అయితే మూడు విమాన మార్గాలకు రష్యా 1945లోనే వ్రాతపూర్వకంగా ఒప్పుకొని ఉంది. జూన్ 26న ఆ మార్గాలలో సరుకు విమానాలు బయలుదేరాయి.

బస్తాల లెక్క

పట్టణానికి దినానికి 4,500 టన్నుల సరుకు కావాలి. మొదట వచ్చిన విమానం మూడు టన్నులు మోసేది. తరువాతి పెద్ద విమానం మోసేది కూడా పది టన్నులే. అంటే మన రోడ్ల మీద ధాన్యం తోలే లారీ ఒకటి మోసేంత! ఆ లెక్కన దినానికి 450 సార్లు దిగాలి.

జూలై చివర ఈ పని విలియం టన్నర్ అనే అమెరికా సేనాధికారికి అప్పగించారు. యుద్ధకాలంలో మన అస్సాం నుండి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు పంపించే పనిని నడిపినవాడాయన. ఆగస్టు 13న మబ్బులలో విమానాలు చిక్కుపడి ప్రమాదాలు జరిగాయి. అప్పటినుండి ఆయన ఖండితమైన నియమం పెట్టాడు. దిగడానికి ఒక్కటే అవకాశం. తప్పితే సరుకుతోనే వెనుకకు పోవాలి. ఇలా మూడేసి నిమిషాలకు ఒక విమానం వచ్చేటట్లు చేశాడు.

బరువు తగ్గించడానికి బంగాళాదుంపలను ఎండబెట్టి తెచ్చారు. ఉప్పు ఇనుమును తినివేస్తుంది గనుక, నీటిపై దిగే విమానాలలో తెచ్చి హావెల్ నీటిలో దించారు. మొత్తం సరుకులో మూడింట రెండు వంతులు బొగ్గే. పట్టణవాసులు కూడా చేతులు కట్టుకొని కూర్చోలేదు. శిథిలాల రాళ్లు మోసి, సుమారు మూడు నెలలలో టెగెల్ వద్ద క్రొత్త విమానాశ్రయం కట్టారు. కూలీలలో చాలామంది స్త్రీలు. కరెంటు దినానికి కొద్ది గంటలే. తూర్పు భాగంలో పేరు వ్రాయించుకుంటే రేషన్ ఇస్తామని రష్యావారు చెప్పినా, వెళ్లినవారు కొద్దిమందే.

రెండు ముక్కల మిఠాయి

ఆ జూలైలో గెయిల్ హాల్వర్సన్ అనే పైలట్ టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం కంచె వద్ద పిల్లలను చూశాడు. తన దగ్గరున్న రెండు చూయింగ్ గమ్ ముక్కలు ఇచ్చాడు. పిల్లలు పోట్లాడుకోకుండా పంచుకున్నారు; దొరకనివారు పైకాగితం వాసన చూసి తృప్తిపడ్డారు. అతని మనసు కరిగింది. రేపు రెక్కలు ఊపుతూ వస్తానని చెప్పి, చేతిరుమాళ్లను చిన్న గొడుగులవలె చేసి మిఠాయిలు జారవిడిచాడు. ఇతర పైలట్లు కూడా చేరారు. 20 టన్నులకు మించి మిఠాయిలు అలా రాలాయి. హాల్వర్సన్ 101 ఏళ్లు జీవించి 2022లో కన్నుమూశాడు.

కొద్ది సంవత్సరాల క్రితం ఇదే పట్టణంపై ఈ దేశాల విమానాలు బాంబులు కురిపించాయి. ఆ శబ్దానికి నేలమాళిగలలో దాగిన పిల్లలే ఇప్పుడు ఆ శబ్దం కోసం ఎదురుచూశారు.

1949 ఈస్టరు పండుగ ముందు, ఏప్రిల్ 15, 16 తేదీలలో, ఒక్క దినంలోనే దాదాపు 1,400 సార్లు విమానాలు వచ్చి 12,941 టన్నుల బొగ్గు దించాయి. దిగ్బంధంతో ఫలితం లేదని తేలిపోయింది. మే 12న రష్యా దారులు తెరిచింది. ముందుజాగ్రత్తగా విమానాలు సెప్టెంబరు 30 వరకు నడిచాయి. మొత్తం సరుకు 23 లక్షల టన్నులు. టెంపెల్‌హోఫ్ వద్దనున్న స్మారకంపై, ఈ సేవలో మరణించిన 39 మంది బ్రిటిష్‌వారి పేర్లు, 31 మంది అమెరికన్ల పేర్లు ఉన్నాయి. జర్మను పనివారు కూడా కొందరు ప్రాణాలు కోల్పోయారు.

పొలం దారి మూసివేస్తే కర్రలు లేచిన ఊళ్లు మనం ఎరుగుదుము. బెర్లిన్‌లో మూసిన దారిపై కర్ర ఎత్తలేదు. తెరచి ఉన్న దారిన, దినదినము, బస్తా తరువాత బస్తా మోశారు. యుద్ధం రాలేదు, పిల్లలు ఆకలితో చావలేదు.